యెషి అవ్వ వాకిట్లో ఊదని బూర

మా పేటలో చావు కబురు చెప్పేవాణ్ణి నేనే. అడిస్ అబాబాలో గులెలె కొండ దిగువన మూడు వందల గడపలు, వాటన్నిటికీ కలిపి ఒక ఇద్దిర్. ఎవరింట్లో చావొచ్చినా గుడారం వేసి, శవాన్ని మోసి, ఆ ఇంట్లో పొయ్యి వెలిగించే పని లేకుండా మూడు రోజులు తిండి పెట్టే సంఘం అది. తెల్లవారుతుండగా రేకు బూర పట్టుకుని ప్రతి మలుపులోనూ నిలబడి ఊదాలి, ఫలానా ఇంటికి రండని కేకెయ్యాలి. ఆఖరి పిలుపు మాత్రం పోయినవాళ్ళ వాకిట్లోనే ఊదాలి. నిద్రమత్తులో పేరు సరిగా వినపడనివాళ్ళు కూడా ఆ ఆఖరి పిలుపు ఎటువైపు నుంచి వచ్చిందో చూసుకుని అటే నడుస్తారు. పదిహేడేళ్ళు ఊదాను. అందులో రెండుసార్లు వేరేవాళ్ళ వాకిట్లో ఊదాను. రెండుసార్లూ తెలిసే ఊదాను.

నేను పుట్టిపెరిగింది ఇక్కడ కాదు. ఉత్తరాన వొల్లో సీమలో ఒక దొర దగ్గర కౌలు రైతుని. పండినా ఎండినా ఇంట్లో ఉన్న గింజల్లో సగం ఆయన గాదెకి చేరాలి. వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. మూడో ఏడు దొర మనుషులు వచ్చి విత్తనానికి దాచుకున్న జొన్నల్లోనూ సగం కొలుచుకుపోయారు. ఆ సంగతి అడిస్ అబాబాలో చక్రవర్తికి తెలియదని మా ఊళ్ళో పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. తెలియకపోతే కుర్చీలో ఎందుకు కూర్చున్నట్టో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నేనూ నా భార్యా కూతురూ రోడ్డెక్కాం. తిండి పెడుతున్నారన్న చోటికి చేరేలోపు ఇద్దరూ పోయారు. కూతురు దెస్తాకి ఆరేళ్ళు. దాన్ని రోడ్డు పక్కనే పూడ్చాను. బూర ఊదేవాడు లేడు, ఏడ్చేవాడు లేడు, ఏడవటానికి నాకే ఓపిక లేదు.

ఈ పేటలో నన్ను కూర్చోబెట్టి ముందుగా ఇంజెరా రొట్టె పెట్టింది యెషి అవ్వ. చందా కట్టే దారి లేని నన్ను ఇద్దిర్‌లోకి తీసుకున్నది కూడా ఆవిడ మాట మీదే. "డబ్బుల్లేకపోతే ఏం, ఊపిరుందిగా. ఊదుతాడు," అని పెద్దల ముందు తెగేసి చెప్పింది.

ఆవిడ కొడుకు గషావ్ టాక్సీ నడిపేవాడు. పెట్రోలు ధర పెంచారని టాక్సీలన్నీ ఆపేసిన యెకాతిట్ నెలలో మొదటి రాయి విసిరింది తనేనని చెప్పుకునేవాడు. మా సందులో అలా చెప్పుకునేవాళ్ళు ఇంకో నలుగురున్నారు. వానలు వెనకబట్టాక, మా కొత్త సంవత్సరం నాటి సాయంత్రం తేనె సారా కొట్లో టీవీ ముందు అందరం గుమిగూడాం. మా వొల్లో కరువు చూపిస్తున్నారు. మధ్యమధ్యలో కోటలో విందు, పెళ్ళి కేకు, మళ్ళీ ఎముకల గూళ్ళు. పక్కవాళ్ళు తిడుతున్నారు, ఏడుస్తున్నారు. నేను మాత్రం ఆ పిల్లల మొహాల్లో దెస్తాని వెతుకుతూ కూర్చున్నాను. మర్నాడు పొద్దున్నే చక్రవర్తిని ఒక చిన్న కారు వెనక సీట్లో కుక్కి తీసుకుపోతున్నారంటే గషావ్ తన టాక్సీలో నన్ను ఎక్కించుకున్నాడు. కారు వెంట పరుగెత్తే జనంతోపాటు దొంగ, దొంగ అని గొంతు పోయేలా అరిచాను. అందుకు నేనేం సిగ్గుపడను.

ఆర్నెల్ల తర్వాత దున్నేవాడిదే భూమి అని రేడియోలో చదివిన రోజు మా సందులో చిందులేసింది ముగ్గురం. గషావ్, నేను, ఇంజెరా అమ్ముకునే లకెచ్ కొడుకు టెషాలె. వాడికప్పుడు పదిహేడేళ్ళు. పొలాలు కొలిచి రైతులకు పంచే పని మీద విద్యార్థులందరితోపాటు పల్లెలకు వెళ్ళాడు. తిరిగొచ్చాక వాడి నవ్వు తగ్గింది.

"అద్మాసు అన్నా, ముసలాయన్ని దించాం సరే, ఆ కుర్చీలో సిపాయిలు కూర్చున్నారు చూశావా," అన్నాడు ఒకసారి. "ప్రజలు కూర్చోవాల్సింది కాదూ అది?"

"నెమ్మదిగా మాట్లాడరా," అన్నాను.

రెండేళ్ళు తిరిగేసరికి గషావ్ మా కెబెలెకి, అంటే పేట కమిటీకి, చైర్మన్ అయ్యాడు. టాక్సీ పోయింది, నడుముకి పిస్తోలు వచ్చింది. ఇళ్ళల్లో సోదాలు మొదలయ్యాయి. చిరుజల్లులు పడుతున్న ఒక సోమవారం పొద్దున పిండి మర దగ్గర రోడ్డు మీద టెషాలె శవం కనపడింది. ఛాతీ మీద అట్టముక్క, దాని మీద ప్రజల శత్రువు అని ఎర్ర అక్షరాలు. ఎవర్ని చంపాలో రాసిన మా పేట జాబితా గషావ్ సంతకం లేకుండా బయటికి పోదు. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

ఆ గంటలోనే గషావ్ మా ఇంటికి వచ్చాడు. వెనక ఇద్దరు తుపాకుల కుర్రాళ్ళు.

"బూర ఎక్కడ?" అన్నాడు.

మేకుకి వేలాడుతున్నదాన్ని చూపించాను.

"అది అక్కడే ఉండాలి. ఇలా చచ్చినవాళ్ళకి గుడారం లేదు, ఏడుపు లేదు, బూర లేదు. మేం పెట్టిన రూలు కాదు, పైనుంచి వచ్చింది. ఊదినవాడు కూడా అదే రోడ్డు మీద పడుకుంటాడు."

"మనతోపాటు చిందులేసిన పిల్లాడు గదా గషావ్."

"కామ్రేడ్ చైర్మన్ అనాలి," అన్నాడు కుర్రాళ్ళలో ఒకడు.

గషావ్ నా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు. శవాన్ని లారీలో వేసుకుని ఎక్కడికో పట్టుకుపోయారు. లకెచ్ మూడు రోజులూ ఎప్పటిలాగే పొయ్యి మీద పెనం పెట్టింది, ఇంజెరా వేసింది, అమ్మింది. శాలువా అంచు కూడా మెడ వైపు తిప్పుకోలేదు. మాలో చావు జరిగితే అంచు తిప్పి కప్పుకుంటారు, అది కూడా నేరమే ఇప్పుడు. కొనడానికి వెళితే నా చేతిలో ఇంజెరా పెట్టి, "నీకు ఊపిరాడుతోందా అద్మాసూ?" అని అడిగింది. ఆ ఒక్క మాటే. మేకుకి వేలాడే బూర వైపు చూడాలంటే ఆ మూడు రోజులూ నాకు భయమేసింది. దెస్తాని పూడ్చినప్పుడు ఊదేవాడు లేడు. ఇప్పుడు ఊదేవాడున్నాడు, కాళ్ళు కడుపులోకి ముడుచుకుని పడుకున్నాడు.

నాలుగో రోజు ఇంకా వెలుగు రాకముందే తలుపు తట్టిన చప్పుడైంది. నా వంతు వచ్చిందనుకున్నాను. తీస్తే గషావ్. ఒంటరిగా ఉన్నాడు, తుపాకీ లేదు.

"అమ్మ పోయింది," అన్నాడు.

పక్కకి జరిగి వాణ్ణి లోపలికి రానిచ్చాను.

"మాట పడిపోయి ఐదు రోజులైంది అన్నా. ఇంట్లో ఉన్నంతసేపూ చెంచాతో నీళ్ళు పోస్తూ పక్కనే కూర్చున్నా. ఒక్క మాట, కనీసం నా పేరు... ఏమీ అనలేదు." చేత్తో మొహం తుడుచుకున్నాడు. "బూర ఊదు. బాగా ఊదు. జనం రావాలి."

చాలాకాలానికి వాడి నోట నన్ను అన్నా అనటం విన్నాను. వాడి మీద జాలి కలిగింది, ఆ జాలి మీద కోపం వచ్చింది.

బూర తీసుకుని బయల్దేరాను. మర దగ్గర ఊదాను, యెషి అవ్వ ఇంటికి రండని కేకేశాను. నేతగాళ్ళ మలుపులో ఊదాను. నుయ్యి దగ్గర ఊదాను. ప్రతిచోటా ఆవిడ పేరే చెప్పాను. ఇక మిగిలింది ఆఖరి పిలుపు. ఎడం సందులోకి తిరిగితే యెషి అవ్వ వాకిలి, కుడి సందులోకి తిరిగితే లకెచ్ రేకు తలుపు. నాకు మొదట తిండి పెట్టిన మనిషి ఎడం పక్కన చాప మీద పడుకుని ఉంది. ఆవిడకి దక్కాల్సింది ఎత్తుకుపోతున్నానని నాకు తెలుసు. కాళ్ళు కుడి సందులోకి తిరిగాయి.

లకెచ్ తలుపు ముందు నిలబడి ఊదాను. జీవితంలో అంత పొడుగ్గా ఎప్పుడూ ఊదలేదు. పేరు మాత్రం చెప్పలేదు.

తలుపు తెరుచుకుంది. లకెచ్ నన్ను చూసింది, బూర చూసింది. లోపలికి వెళ్ళి శాలువా అంచు మెడ వైపు తిప్పి కప్పుకుని వచ్చింది. ఈలోగా సందు నిండటం మొదలైంది. ఆఖరి పిలుపు విని అందరూ అక్కడికే నడిచి వస్తున్నారు. తెల్లని శాలువాలు, ముసలాళ్ళ చేతికర్రలు. ఎవరి వాకిట్లో నిలబడ్డారో చూసుకుని కొందరు ఆగిపోయారు. వెనక్కి మాత్రం ఎవరూ తిరగలేదు. లకెచ్ ముందు నడిచింది, వెనక వందమంది దాకా నడిచారు, అలా అందరూ కలిసి యెషి అవ్వ గుడారానికి చేరారు.

గషావ్ గుడారం ముందు నిలబడి ఉన్నాడు. జనం ఏ సందులోంచి వస్తున్నారో చూశాడు. తుపాకుల కుర్రాళ్ళిద్దరూ అప్పటికే వచ్చేశారు.

లకెచ్ లోపలికి వెళ్ళి ఆడవాళ్ళ మధ్య కూర్చుంది. ఒకరి చావులో తమ ఇంటి పోయినవాళ్ళని కూడా తలుచుకుని ఏడవటం మాకు మామూలే, దాన్ని ఎవరూ తప్పు పట్టరు. ముందు యెషి అవ్వని తలిచింది. తర్వాత గుండె మీద చేత్తో కొట్టుకుంటూ, "టెషాలే, నా తండ్రీ, పొలాలు కొలవటానికి పోయావు, నీకు ఆరడుగులు ఎవరు కొలిచార్రా," అని ఎత్తుకుంది. గుడారమంతా ఒక్కసారి ఘొల్లుమంది. ఇన్నాళ్ళూ మింగిన ఏడుపు గదా, మగవాళ్ళు కూడా ఏడ్చారు. పోయింది టెషాలె ఒక్కడే కాదు మా పేటలో.

కుర్రాళ్ళలో పొడుగువాడు తుపాకీ భుజం మీంచి దించాడు. "కామ్రేడ్ చైర్మన్, వీళ్ళు ఎవరికి ఏడుస్తున్నారు?"

గషావ్ వాణ్ణి దాటుకుని నా దగ్గరికి వచ్చాడు.

"ఆఖరి పిలుపు ఎక్కడ ఊదావు?"

"లకెచ్ వాకిట్లో."

"మా అమ్మకి మా వాకిట్లో ఊదకుండా?"

"అవును."

"ఎవరు ఊదమన్నారు?"

పొడుగువాడు మా ఇద్దరి మధ్యకి వచ్చి నిలబడ్డాడు. తుపాకీ గొట్టం నా మోకాలికి తగులుతోంది. నా ఇష్టంతో ఊదానని చెబుదామనే అనుకున్నాను, నిజంగా అనుకున్నాను. భయం వేరే మాట చెప్పించింది.

"మీ అమ్మే చెప్పింది. నా వాకిట్లో వద్దు, ఆ పిల్లాడి వాకిట్లో ఊదు అంది."

"ఎప్పుడు చెప్పింది?"

"నిన్న పొద్దున. చూడటానికి వచ్చినప్పుడు."

అనేశాక గుర్తొచ్చింది. మాట పడిపోయి ఐదు రోజులైందని గంట కిందట వాడే నాకు చెప్పాడు. ఐదు రోజులూ మంచం పక్కన కూర్చున్నది వాడే. గషావ్ నా కళ్ళలోకి చూస్తూ నిలబడ్డాడు. లోపల ఆడవాళ్ళ ఏడుపు వినిపిస్తూనే ఉంది. నా పని అయిపోయిందనుకున్నాను. పిండి మర దగ్గర ఏ పక్కన పడేస్తారో అన్న ఆలోచన కూడా వచ్చింది.

"నిజమేనా కామ్రేడ్?" అన్నాడు పొడుగువాడు.

"నిజమే," అన్నాడు గషావ్. "నేను పక్కనే ఉన్నా. నేనూ విన్నా. పోయేముందు మా అమ్మ అన్న మాట అదే."

కుర్రాడు తుపాకీ భుజానికి తగిలించుకున్నాడు. గషావ్ గుడారంలోకి పోయి మగవాళ్ళ వైపు, అందరికంటే వెనక కూర్చున్నాడు. మూడు రోజులూ అక్కడే కూర్చున్నాడు. లకెచ్ మూడు రోజులూ కొడుకుని పేరు పెట్టి ఏడ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మరుసటి ఏడాది గషావ్‌ని వాళ్ళ పార్టీవాళ్ళే పట్టుకుపోయారు. మెతకవాడని కొందరు, వేరే ముఠా అని కొందరు అన్నారు. అదే మర, అదే రోడ్డు, అదే అట్టముక్క. కొత్త చైర్మన్ మా ఇంటికి వచ్చి బూర మేకు మీదే ఉండాలన్నాడు. గషావ్ సంతకం పెట్టిన జాబితా నేను మర్చిపోలేదు. వాడు నా ప్రాణం కాపాడిన అబద్ధాన్ని కూడా మర్చిపోలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఎంత ఆలోచించినా నాకు ఏదీ తేలలేదు.

పంతొమ్మిది రోజులు ఎదురుచూశాను. ఇరవయ్యో రోజు ఒక ముసలి నేతగాడు కాలం తీరి పోయాడు. ప్రతి మలుపులోనూ ఆయన పేరే చెప్పి, ఆఖరి పిలుపు యెషి అవ్వ వాకిట్లో ఊదాను. ఆ ఇంటికి తాళం వేసి ఉంది. బూర దించి వెనక్కి తిరిగితే లకెచ్ నిలబడి ఉంది. చేతులకి పిండి అంటుకుని ఉంది, పొయ్యి దగ్గర్నుంచి అలాగే వచ్చినట్టుంది.

"ఎవరికి ఊదావు?" అంది.

బూర మీది తడి చొక్కాకి తుడిచాను.

"వాడికైతే నేను రాను. వాడి కోసం నా కంట్లోంచి చుక్క రాదు. నువ్వు కూడా నన్నడక్కు."

"అడగను."

వెళ్ళిపోతుందనుకున్నాను. తాళం వంకే చూస్తూ నిలబడింది.

"ఆ ముసలామెకి ఆ రోజు నువ్వు ఊదలేదు. నా కొడుక్కి ఇచ్చేశావు," అంది. "ఇప్పుడు ఊదు. ఆమెకి ఊదు."

ఇంకోసారి ఊదాను. లకెచ్ చేతుల పిండి గౌనుకి తుడుచుకుని, శాలువా అంచు మెడ వైపు తిప్పుకుంది. జనం వచ్చేదాకా ఆ వాకిట్లోనే నిలబడింది.