కార్డు మీద పేరు

అసూయను అసూయ అనే చెబుతాను. దానికి ఆత్మాభిమానమనో, న్యాయమనో ఇంకో పేరు పెట్టి మీ దగ్గర మంచివాణ్ణి అనిపించుకోవాలని లేదు. హారూన్‌ను చూస్తే నాకు ఒళ్ళు మండేది. వాడు నవ్వితే మండేది. నవ్వకపోతే పొగరనిపించి ఇంకా మండేది.

నా పేరు ఓబులేసు. మాది పులివెందుల పక్కన చిన్న పల్లె. కువైత్‌లో, షువైఖ్ గ్యారేజీల వెనకున్న ఒక ఫోటో స్టూడియోలో ఆరేళ్ళు డ్రైవర్‌గా చేశాను. అల్ రాయ్‌లో కార్లమ్మే షోరూముల వాళ్ళు ప్రకటనలకు ఫోటోలు మా దగ్గరే తీయించుకునేవాళ్ళు. కొత్త కారును రోడ్డు మీద నిలబెట్టి ఫోటో తీస్తే ఎవడు చూస్తాడు? ఒకడికి ఇసుక దిబ్బ కావాలి, ఒకడికి సముద్రం కావాలి, ఇంకొకడికి కనుచూపు మేర ఏమీ లేని నేల కావాలి. అలాంటి చోట్లు వెతికి పెట్టడం మా పని. దాన్ని లొకేషన్ చూడటం అనేవాళ్ళం.

ఎలా చూస్తామో కూడా చెప్పాలి, ఈ కథంతా దాని మీదే ఉంది. తెలిసిన పెట్రోల్ బంకు దగ్గర ఆపి బండి మీటరు సున్నాకు తిప్పుతాను. రోడ్డు వదిలి ఇసుకలోకి దిగే చోట ఎన్ని కిలోమీటర్లయిందో నేను పైకి చెబుతాను. ఫోటోగ్రాఫర్ వెనక కూర్చుని అట్టకార్డు మీద రాసుకుంటాడు. తర్వాత వాడు స్టీరింగ్ దగ్గరికి వస్తాడు, నేను చెప్పులు విప్పి ముందు నడుస్తాను. మూడడుగులకోసారి మడమతో నేలను గట్టిగా గుద్దుతాను. మడమ దిగకపోతే చెయ్యెత్తుతాను, అక్కడిదాకా బండి వస్తుంది. దిగిందంటే ఇంకో దారి వెతకాలి. ఆ దేశంలో కొన్నిచోట్ల పైన ఉప్పు పెచ్చు తెల్లగా, గట్టిగా కనిపిస్తుంది, కింద అంతా బురద. అరబ్బులు దాన్ని సబ్ఖా అంటారు. దాంట్లో దిగిన లారీని నాలుగు రోజులు లాగినా బయటికి తీయలేకపోవడం నా కళ్ళతో చూశాను.

ఆరేళ్ళలో నేను మీటరు ఒక్కసారి తప్పు చెప్పలేదు. చదువు ఐదో తరగతితో ఆగినవాడికి చెప్పుకోవడానికి అదొక్కటే ఉంది.

కార్డు అడుగున ఒక గీత ఉండేది. ఆ లొకేషన్ చూసినవారి పేరు రాయాలి దాని మీద. పాత ఫోటోగ్రాఫర్ దాన్ని ఖాళీగా వదిలేసేవాడు. ఎవరి పేరూ లేకపోతే నాకేం బాధ లేదు. రాయచోటి నుంచి హారూన్ వచ్చాక మొదలైంది నా కడుపుమంట. ఫోటోలు కడగడానికి వచ్చినవాడు ఏడాది తిరక్కుండా కెమెరా పట్టాడు. కార్డులన్నీ ఇంగ్లీషులో నీటుగా నింపేవాడు, అడుగున గీత మీద తన పేరు రాసేవాడు. నాకు ఇంగ్లీషు రాదు గానీ ఆ పేరు మొదటి అక్షరం మాత్రం గుర్తుపట్టగలను. మా ముదీర్, అంటే మేనేజరు, నబీల్ వాణ్ణి ఆర్టిస్టు అని పిలిచేవాడు. నన్ను పిలవాలంటే యల్లా అనేవాడు, పద పద అన్నట్టు.

పోనీ అంతటితో అయిందా? వాడి భార్య పర్వీన్ కూడా కువైత్‌లోనే ఉంది. ఒక కువైతీ ముసలమ్మ ఇంట్లో పని చేసేది, ఆమెను అక్కడి పద్ధతిలో మామా అని పిలిచేది. ప్రతి శుక్రవారం మొగుడూ పెళ్ళాలు కలిసి బిర్యానీ తినేవాళ్ళు. నా భార్య వెంకటేశ్వరిని చూసి నాకు మూడేళ్ళయింది.

తొంభయ్యో సంవత్సరం మే నెలలో నేను పట్టిన ఇసుక దిబ్బకు షోరూము వాళ్ళు మురిసిపోయారు. నబీల్ అందరి ముందు హారూన్ భుజం మీద చెయ్యేసి, ఇది ఇతను కనిపెట్టిందే అన్నాడు. నేను పక్కనే టీ గ్లాసుల ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాను. హారూన్ నా వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. నోరు తెరిచి ఒక్క మాట చెప్పలేడా? అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

జూన్‌లో దక్షిణాన, ఖైరాన్ వైపు, ఇంకో లొకేషన్ చూపించాను. గట్టి తెల్లటి నేల, ఎంత దూరం చూసినా గీత గీసినట్టు చదునుగా ఉంటుంది. సెలవు రోజుల్లో ఒక్కణ్ణే తిరిగి పట్టుకున్న చోటది. బంకు నుంచి పదిహేడో కిలోమీటరు దగ్గర, తారు డ్రమ్ము పక్కన దిగాలి. పద్నాలుగు దగ్గర కూడా అలాంటి డ్రమ్మే ఉంది, అక్కడ దిగితే మాత్రం తిన్నగా సబ్ఖాలోకి పోతాం.

వెనక సీట్లో హారూన్ కెమెరాలో రీలు ఎక్కిస్తూ అడిగాడు. "ఎంతన్నా?"

"పద్నాలుగు" అన్నాను.

అనుకుని అన్నదే. షూటింగ్ రోజు షోరూము కొత్త కారు వాళ్ళ ముందే బురదలో కూరుకుపోవాలి. నబీల్ వాణ్ణి వాళ్ళ ముందే కడిగెయ్యాలి. ఆ రోజుకు నేను ఏదో నొప్పని చెప్పి గదిలో పడుకుందామని ముందే అనుకున్నాను కూడా.

ఎండలు ముదిరాయని షూటింగ్ సెప్టెంబరుకు వాయిదా పడింది. నబీల్ సెలవులకు వాళ్ళ దేశం పోయాడు. ఆగస్టు రెండున ఇరాక్ ట్యాంకులు వచ్చాయి.

స్టూడియో మూతపడింది. ఫర్వానియాలో మా గదిలో నేనూ, మా ఊరి పక్కవాడు పెంచలూ ఖుబ్బూస్ రొట్టె కోసం పొద్దున్నుంచి లైన్లో నిలబడటం, మధ్యాహ్నం రేడియో వినడం. పది రోజులు అలా గడిచాక ఒక మధ్యాహ్నం హారూన్ వచ్చాడు. పెంచల్ రొట్టెల లైన్లో ఉన్నాడు, గదిలో నేనొక్కణ్ణే.

"అన్నా, రేపు తెల్లారకముందే పోతాండాం" అన్నాడు. "నేను, పర్వీన్, వాళ్ళ మామా. మామా కొడుకు జీఎంసీ బండి ఉండాది. మన తెల్లనేల మీదుగా పోతే సౌదీ దగ్గర. రోడ్డు మీద మిలిటరీ ఉండారు గానీ ఆపక్క ఎవురూ లేరంట."

"పోండి" అన్నాను.

"నువ్వు కూడా రా అన్నా. స్టీరింగ్ నువ్వే పట్టుకో. ఆ ఇసుక నీకు తెలిసినట్టు ఇంకెవురికి తెలుసు?"

ఆ మాట నబీల్ ముందు అనుంటే వాడి కాళ్ళకు మొక్కేవాణ్ణి. ఇప్పుడు అంటున్నాడు, నాలుగు గోడల మధ్య. పైగా నేను స్టీరింగ్ పడితే ఏమవుతుంది? పద్నాలుగు దగ్గర తిరిగితే అందరం బురదలో. తిరగకపోతే ఎందుకు తిరగలేదో చెప్పాలి. పొరపాటున చెప్పానంటే సరిపోయేది కదా అంటారు. మీటరు తప్పు చెప్పాడంట అని హారూన్ నన్ను చూసి జాలిపడటమా? ఆ జాలి నాకొద్దు.

"నేను రాను. ఎంబసీ వాళ్ళు బస్సులు పెడతారంట, దాంట్లో పోతా" అన్నాను.

హారూన్ జేబులోంచి కార్డు తీశాడు. వెలుతురు కోసం కిటికీ వైపు తిరిగి చూశాడు. "బంకు కాడ నుంచి పద్నాలుగు. పద్నాలుగే కదన్నా?"

నేను ఫ్యాను వైపు చూశాను. "ఊ."

"ఇంకోసారి యాదికి తెచ్చుకోన్నా. పర్వీన్‌కు ఏడో నెల."

"రాసింది నువ్వే కదరా. నన్నెందుకు అడుగుతావు?"

"రాసింది నేనే. చెప్పింది నువ్వు కదా, అందుకే అడుగుతాండా."

"పద్నాలుగే" అన్నాను.

వాడు కార్డు మడతపడకుండా జేబులో పెట్టుకుని, జాగ్రత్తన్నా అని చెప్పి వెళ్ళిపోయాడు. మెట్ల మీద వాడి చెప్పుల చప్పుడు కిందిదాకా వినిపించింది. పిలవాలనే అనుకున్నాను. లేచి తలుపేసుకున్నాను.

సాయంత్రం పెంచల్ రొట్టెతో వచ్చాడు. తినలేకపోయాను. కళ్ళు మూసుకుంటే ఉప్పు పెచ్చు పగిలి మడమ దిగిపోవడమే కనిపిస్తోంది. ఆ బండిలో ముసలమ్మ ఒకత్తె, ఏడో నెల గర్భిణి ఒకత్తె. ఆగస్టు ఎండ. చుట్టుపక్కల నీళ్ళిచ్చేవాడు ఉండడు. నాకు వాడి మీద మంట గానీ, వాణ్ణి చంపాలని ఎప్పుడు అనుకున్నాను? అనుకోలేదని ఎవరికి చెప్పుకోను?

తెల్లవారుతూనే స్టూడియో పికప్ తాళాలు తీసుకున్నాను.

"యాడికి పోతాండావు?" అన్నాడు పెంచల్.

"తప్పు చేసినా, సరిచేసి వస్తా" అన్నాను. వాడికి అర్థం కాలేదు, విడమరిచి చెప్పే తీరిక నాకు లేదు.

దారిలో ఇరాకీ సోల్జర్లు ఆపారు. "హిందీ?" అన్నారు, ఇండియా వాడివా అని. హిందీ అన్నాను. చేతికున్న వాచీ విప్పించుకుని పొమ్మన్నారు. బంకు మూసి ఉంది. అలవాటు చొప్పున అక్కడ ఆపి మీటరు సున్నాకు తిప్పాను. తర్వాత ఎంత తొక్కానో తెలియదు. పది. పన్నెండు. పద్నాలుగు దగ్గర డ్రమ్ము కనపడగానే ఆపాను. బండి దిగి పరుగెత్తాను.

ఇసుక మీద టైరు గుర్తు లేదు. ఒక్కటి కూడా లేదు.

వీళ్ళు ఇక్కడిదాకా రానేలేదా? దారిలో పట్టుకున్నారా? ఏం చెయ్యాలో తోచక మళ్ళీ బండెక్కి ముందుకే పోనిచ్చాను. పదిహేడు దగ్గర రెండో డ్రమ్ము పక్కన తాజాగా వెడల్పాటి టైర్ల గుర్తులు లోపలికి దిగి ఉన్నాయి. వాటి ముందు మూడడుగులకోసారి మడమ గుంట. ముందు నడిచి మడమతో గుద్దింది పర్వీనే అయ్యుండాలి, పాదాలు చిన్నవి.

తెల్లనేల చివర జీఎంసీ ఆగి ఉంది. హారూన్ బండి పక్కన నిలబడి నేను వచ్చిన దారినే చూస్తున్నాడు. లోపల ముసలి మామా చేతులు ఊపుతూ అరబ్బీలో వాణ్ణి తిడుతోంది. పర్వీన్ తలుపు తెరుచుకుని కాళ్ళు బయటికి పెట్టి కూర్చుంది. పాదాల నిండా ఉప్పు.

"గంట నుంచి నిలబెట్టినాడన్నా మమ్మల్ని" అంది పర్వీన్. "ఓబులేసన్న వస్తాడు, వస్తాడని."

నేను హారూన్ దగ్గరికి పోయాను. వాడు కార్డు తీసి, ఎప్పుడూ అడిగినట్టే అడిగాడు.

"ఎంతన్నా?"

"పదిహేడు" అన్నాను. "పదిహేడేరా. ఆ రోజు కావాలనే తప్పు చెప్పినా. నిన్న కూడా."

వాడు కార్డు నా చేతికిచ్చాడు. ఇంగ్లీషు రాతంతా కొట్టేసి, కింద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి ఉంది. బంకు నుంచి 17. 14 దగ్గర సబ్ఖా, దిగొద్దు. చూసినవారు ఓబులేసు. పక్కన తారీఖు, జూన్ 22.

"ఎండ ఎట్ల పడతాదో చూద్దామని ఆ శుక్రవారం పర్వీన్‌తో వచ్చినా" అన్నాడు. "పద్నాలుగు కాడ దిగి నడిస్తే మోకాలిదాకా పోయింది. ఇంకా ముందుకు పోతే పదిహేడు కాడ ఇంకో డ్రమ్ము, మనం దిగిన చోటు అదేనని గుర్తుపట్టినా. నువ్వు చదువుకుంటావని తెలుగులో రాసినా. ఇద్దామంటే నువ్వు మొహమిచ్చి మాట్లాడితే కదా."

"జూన్‌లోనే తెలిస్తే నిన్న ఎందుకడిగినావు? రెండు సార్లు?"

"నువ్వు చెప్తావేమో అని."

వాడు తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా బాగుండేది. నా పేరు నేను చదువుకోగల అక్షరాల్లో, ఏడు వారాలుగా వాడి జేబులో ఉంది. ఆ ఏడు వారాలూ నేను వాడి మీద పళ్ళు కొరుకుతూ తిరిగాను. ఇప్పుడు కూడా మండింది నాకు, అబద్ధం చెప్పను. ఇంత మంచితనం వాడికెక్కడిదని మండింది.

"ఇక్కడిదాకే నాకు తెలుసు" అన్నాడు హారూన్, ముందున్న నేల చూపిస్తూ. "దీని తర్వాత మనం ఎప్పుడూ పోలేదు. నువ్వు చెప్పాల."

"యల్లా, యల్లా" అంది మామా.

నేను పికప్‌ను అక్కడే వదిలేశాను. చెప్పులు విప్పి ముందు నడిచాను. మూడడుగులు వేసి మడమతో గుద్ది, చెయ్యెత్తాను. వెనక జీఎంసీ కదిలిన చప్పుడు వినిపించింది. హారూన్ దిగి చూసుకోలేదు, ఇంకోసారి అడగలేదు. నేను చెయ్యెత్తిన ప్రతిచోటికీ, పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, తిన్నగా బండి తెచ్చాడు.