కోసేసిన మాట

టీవీలో తన మొహం కనబడగానే ఇస్త్రీ అక్క సంబరపడింది. సందు సందంతా టైలరు కొట్లో చేరి చూస్తోంది. "అదుగో మన అక్క!" అని ఎవరో ఈల కూడా వేశారు. తెరమీది అక్క నోరు తెరిచి, "ఇక్కడ బతకలేకపోతున్నామమ్మా" అంది. అంతే. ఆమె మాయమై అద్దాల మేడలు వచ్చాయి. కింద పెద్ద అక్షరాలు: మురికి సందుకు మహర్దశ.

కొట్లో అందరూ అక్క వైపు తిరిగారు.

"నేనన్నది ఇది కాదు," అంది అక్క గాభరాగా. "మురుగు పొంగుతోంది, బతకలేకపోతున్నాం, కాస్త బాగు చేయించండి, ఈ చోటు వదిలి మేమెక్కడికీ పోము అన్నాను. మొత్తం చెప్పాను!"

"చెప్పావులే. మా అందరి తరఫునా ఇళ్ళు కూల్చుకోమని చెప్పావు," అంది పక్కింటి వదిన. నాలుగిళ్ళలో పాచిపని చేసుకు బతికే మనిషి. "ఎవరికి అమ్ముడుపోయావే?"

ఆ మాటకి అక్క ఒళ్ళంతా కాలినట్టయింది. ఆ వదిన పురిటికి నీళ్ళు కాచి పోసింది తనే.

ఆ రోజు నుంచి వార్తలు ఆగలేదు. పొద్దున ఆ సందు రోగాల పుట్ట, మధ్యాహ్నం దొంగల అడ్డా, సాయంత్రానికి నగరానికి రాబోయే కొత్త అందం. దొంగ ఎవడో ఎవరూ చూపించలేదు. మురుగుని ఏళ్ళ తరబడి గాలికొదిలేసిన ఆఫీసు ఊసే ఎత్తలేదు. యంత్రాలు రాకముందే ఆ ఇళ్ళని మాటలతో కూల్చేశారు.

అక్క ఉండబట్టలేక టైలరుని వెంటబెట్టుకుని చానెల్ ఆఫీసుకి వెళ్ళింది. సందులోకి మైకు పట్టుకొచ్చి అక్కని మాట్లాడించిన పిల్లే గేటు దగ్గరికి వచ్చింది.

"నేను మొత్తం పంపానక్కా. పైన కోసేశారు. గట్టిగా అడిగితే నా ఉద్యోగం ఊడుతుంది."

"పైన అంటే ఎవరమ్మా?"

పిల్ల తలెత్తి చూసింది. భవనం నెత్తిన, చానెల్ పేరుకన్నా పెద్దగా, మేడలు కట్టే కంపెనీ బోర్డు.

"అర్థమైంది, పదక్కా," అన్నాడు టైలరు. "మన గోడలు కొట్టేవాడి డబ్బుతోనే ఈ దుకాణం నడుస్తోంది."

ఇళ్ళు ఖాళీ చేస్తే ఊరవతల చోటిస్తామని కాగితాలు వచ్చాయి. కుళాయి దగ్గర అందరూ కూర్చున్నారు. ఇచ్చింది పుచ్చుకుని పోదామన్నారు కొందరు.

"పోయి?" వదిన కస్సుమంది. "నేను పనిచేసే ఇళ్ళు ఇక్కడున్నాయి. ఊరవతల పడేస్తే నా బతుకంతా బస్సులోనే తెల్లారుతుంది."

"నేనొక్కదాన్నే మాట్లాడబట్టి కోసేశారు," అంది అక్క. "ఈసారి ఎవరూ విడిగా నోరు విప్పొద్దు. అందరం ఒకటే మాట, ఒక్కసారే అందాం. ఎక్కడ కోస్తారో చూద్దాం."

వదిన లేచొచ్చి అక్క పక్కన కూర్చుంది.

యంత్రాలు వచ్చాయి. పోలీసులు, కెమెరాలవాళ్ళు వచ్చారు. సందు మొదట్లో చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు.

"బాగు చెయ్యమన్నాం! పొమ్మంటే పోము!"

లాఠీలు లేచాయి. అక్క అత్తగారిని పక్కకి ఈడ్చేశారు. ఇస్త్రీ బండి తిరగబడి నిప్పులు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. అక్కనీ టైలరునీ వదిననీ వ్యాన్లోకి తోశారు. వ్యాను కిటికీ జాలీలోంచి చూస్తుండగానే అక్క ఇంటి గోడ ఒరిగింది. దండెం మీది బట్టలు మట్టిలో కలిశాయి. చూడటం తప్ప ఏం చేయగలదు?

స్టేషన్లో టీవీ నడుస్తోంది. తెరమీద వాళ్ళ నోళ్ళు తెరుచుకుంటున్నాయి, గొంతు లేదు. దాని మీద ఇంకెవరిదో నున్నటి గొంతు: "అభివృద్ధికి అడ్డుపడ్డ అల్లరిమూక."

"మొత్తానికి గొంతే తీసేశారే," అంది వదిన. అక్కకి ఏడుపు కూడా రాలేదు.

వాళ్ళు విడుదలై వచ్చేసరికి సందు లేదు. చుట్టూ రేకులు, రేకుల మీద నవ్వే కుటుంబాల బొమ్మలు. అత్తగారు వెనక సందులో ఎవరి అరుగు మీదో ముడుచుకుని కూర్చుంది. ఆ సందు గోడల మీద కూడా, కూల్చబోయే ఇళ్ళకి వేసే ఎర్ర గుర్తులు పడ్డాయి. చానెల్ నుంచి వచ్చిన కొత్త కుర్రాడొకడు కూరగాయలమ్మే ముసలమ్మ ముందు మైకు పెట్టాడు.

"ఇక్కడ మీ కష్టాలేంటో చెప్పండి మామ్మా."

"ఆగు నాయనా. ఒక్కదాన్నే చెప్పను." ముసలమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "ఒసేయ్, అందరూ బయటికి రండి!"

తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.

ఈ గొంతూ నొక్కేస్తారని అక్కకి తెలుసు. కాపాడుకోవడానికి తనకిక ఇల్లూ లేదు. "ఇక్కడే ఉండత్తా, వస్తాను" అని చెప్పి, మొహం తుడుచుకుని, వెళ్ళి వాళ్ళ మధ్య నిలబడింది.