మామయ్య కారుకు నేను కట్టిన వెల

పాత కార్లకు వెల కట్టడం నా పని. మామూలు కారుకైతే బీమావాళ్ళు ఏటేటా ధర తగ్గించుకుంటూ పోతారు. వయసు పెరిగేకొద్దీ గిరాకీ పెరిగే కార్లకు ఆ లెక్క పనికిరాదు. నాలాంటివాళ్ళు చూసి ఇంత అని రాసిస్తే కంపెనీ ముందే ఒప్పుకుంటుంది. రేపు ఏ చెట్టో విరిగి మీద పడితే ఆ డబ్బంతా ఇస్తుంది. అంటే నేను ఏ మాటంటే అదే ఆ కారు విలువ. అలాంటి నోటితో సొంత అత్తయ్యకు అబద్ధం చెప్పాను.

మామయ్య పోయాక ఆయన కారు పెరటి షెడ్డులోనే ఉంది. "పైకప్పు ఓ పక్క కుంగిపోతోందే. బాగుచేసేవాడు ఇదిగో అదిగో అంటున్నాడు. అది కూలి కారు మీద పడిందంటే నా గతేం కాను? అసలు విలువకి బీమా చేయించిపెట్టు," అని అత్తయ్య ఫోన్ చేస్తే వెళ్ళాను.

గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతాన్ని కారు ఒంటి మీద జరుపుకుంటూ వెళ్ళడం నా అలవాటు. సొట్టల్లో పుట్టీ పూసి రంగేసిన చోట అది పట్టు తప్పి జారుతుంది. ఇక్కడ ముందునుంచి డిక్కీ దాకా ఎక్కడా జారలేదు. ఇంజను మీద నంబరు కూడా కారుతో పాటు పుట్టినదే. ఇంత నిఖార్సైన బండిని నా జన్మలో చూడలేదు. అత్తయ్య పక్కనే నిలబడి నా మొహం చూస్తోంది.

నేను డ్రైవింగ్ నేర్చుకున్నది ఇందులోనే. గేటు మీదికి పోనిచ్చి కెవ్వుమంటే, "బ్రేకు కాలి కింద ఉందే, నోట్లో లేదు!" అని మామయ్య నవ్వారు. అప్పట్నుంచీ దీని మీద నా కన్ను. నా సంపాదనతో ఏడు జన్మలెత్తినా కొనలేను. ఆ సంగతి తెలిసే, బుద్ధి గడ్డి తింది.

"ఏమంత రాదత్తయ్యా. పాత స్కూటరు ధర పలికితే గొప్ప. దీనికి బీమా కూడా దండగే. నీకెందుకీ బరువు, ఆ ధరేదో ఇచ్చి నేనే తీసుకుంటాలే."

"అంతేనా?" అంది.

"అంతే."

అత్తయ్య అక్కడున్న ముక్కాలిపీట మీద కూలబడింది.

"నేను పోయినా ఇది నిన్ను చూసుకుంటుందనేవారే మీ మామయ్య! నా గొలుసు అమ్మి మరీ దీనికి సామాన్లు తెప్పించారు. సెలవు దొరికితే చాలు, దీని కిందే పడుకునేవారు. పోనీలే, సవతి ఉందనుకుని సరిపెట్టుకున్నాను. ఇన్నాళ్ళూ నన్ను మాయ చేశారన్నమాట."

లేచి తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "తీసుకుపో. డబ్బులేం వద్దు. ఇది కళ్ళెదుట ఉంటే ఆయన్ని తిట్టుకుంటూ బతకాల్సి వస్తుంది."

ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించింది. నోరు తెరిచి ఎదురు చెప్పుకోలేని మనిషిని, అదీ నన్ను ఎత్తుకు తిప్పిన మనిషిని, పెళ్ళాం ముందు మోసగాణ్ణి చేశాను.

"అత్తయ్యా, నేను చెప్పింది తప్పు. దీన్ని అమ్మితే ఈ వీధిలో ఇల్లు కొనుక్కోవచ్చు."

అత్తయ్య నా చెంప నిమిరింది. "నన్ను ఊరడించక్కర్లేదు తల్లీ. నీది మొదట్నుంచీ వెన్నలాంటి మనసు."

ఆ మాటతో ప్రాణం చచ్చిపోయింది. ఇంజను నంబరు చూపించాను, అయస్కాంతం చూపించాను. "అవన్నీ నాకేం తెలుస్తాయే, ఊరుకో," అంటుంది తప్ప నమ్మదు. ఇక ఒక్క దారే మిగిలింది.

"ఊరడింపు కాదత్తయ్యా. ఈ కారు నాకు కావాలి. నువ్వు చవగ్గా ఇచ్చేస్తావని కావాలనే తగ్గించి చెప్పాను."

చెంప మీద ఒక్కటిస్తుందనుకున్నాను. ఇచ్చినా బాగుండేది.

"అయితే ఆయన చెప్పింది నిజమేనా?"

"నిజమే."

ఆమె కళ్ళు నిండాయి. వెళ్ళి కారు మీద చెయ్యి వేసి, "ఎంత మాట అనేశానండీ మిమ్మల్ని," అంది మామయ్యతో. తర్వాత కళ్ళు తుడుచుకుని, నా వైపు చెయ్యి చాపింది. తాళాలు ఇచ్చేశాను.

"రా, అన్నం తిని వెళ్దువుగాని." గొంతులో కోపం లేదు. "బీమాకి విలువ కట్టేవాళ్ళని నేనే వెతుక్కుంటాను. నీకు తెలిసినవాళ్ళెవరో ఒకసారి పేర్లు చెప్పు."

ఇద్దరు ముగ్గురు మంచివాళ్ళ పేర్లు చెప్పాను. ఆమె శ్రద్ధగా విని తలూపింది.

"సరే. వీళ్ళు కాకుండా చూసుకుంటాను," అంది.