తరవాణి కుండ

కొబ్బరితోట నుంచి ఎండుమట్టలు ఈడ్చుకుంటూ ఇంటికొచ్చిన బంగారమ్మకి వంటింటి మూల తరవాణి కుండ బోర్లించి కనిపించింది. కడిగి, బూడిదతో తోమి మరీ బోర్లించాడు మహానుభావుడు. కాపరానికొచ్చిన పద్నాలుగేళ్ళలో ఒక్క చెంబు తోమిన పాపాన పోయినవాడు కాదు!

"మావా! ఇదేటిది?"

అరుగు మీద కూర్చున్న కూర్మనాథం మొహం వెలిగిపోతోంది. "పారబోసీసినాను బంగారీ. పాత పులుపు తీసి పారెయ్యమని వాక్యంలో ఉన్నాది. రేపు టెక్కలి నుంచి బోధకుడు ఒత్తన్నాడు కదా, సాక్ష్యం సెప్తాను. దీన్లో మనకో పాఠం ఉన్నాది."

ఆ చివరి మాట వింటే చాలు, బంగారమ్మకి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. జర్మనీ యుద్ధం మొదలైన ఏడాది ఇద్దరూ కలిసే బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఆమెకి దేవుడంటే భక్తి లేక కాదు, మనసారానే మునిగింది. మునిగి లేచి తన పని తను చేసుకుంటోంది. ఈయన మాత్రం కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు తయారయ్యాడు. అన్నంలో రాయి తగిలితే అది పాపానికి పోలిక. చేద తెగి నూతిలో పడితే అది ఆత్మకి పోలిక. కోడి పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుంటే ఇక ఆ పూట పని సాగినట్టే. ఇంట్లో కూర్చుని చెప్పుకుంటే సరే, ఆదివారం ప్రార్థన పాకలో నలుగురి ముందూ చెప్తాడు. ఆ రాయి ఏరని ఇల్లాలెవరా అని నలుగురూ బంగారమ్మ వైపు తిరిగి చూస్తారు. మూడేళ్ళుగా పళ్ళ బిగువున ఓర్చుకుంటోంది.

కానీ ఈ కుండ సంగతి వేరు.

అడుగున కాస్త పులుపు ఉంచి, దాని మీదే రోజూ గంజీ బియ్యం కడుగూ పోస్తూ ఉంటేనే తరవాణి. తెల్లారేసరికి పుల్లగా దిగుతుంది. అందులో చద్దన్నం కలుపుకుని ఉల్లిపాయ నంజుకుంటే మిట్టమధ్యాహ్నం దాకా తోటలో ఒళ్ళు తూలదు. ఆ కుండని ఏనాడూ ఖాళీ చెయ్యకూడదు. ఈ ఇంటి పులుపు అత్తగారు పైడితల్లి తన పుట్టింటి నుంచి తెచ్చుకున్నది, భావనపాడు వైపు నుంచి. ఇద్దరు కోడళ్ళకీ తన చేత్తోనే పంచింది.

బాప్తిస్మం అయిన మర్నాడే బావగారు నూకయ్య రెండిళ్ళ మధ్యా కొబ్బరి మట్టలతో దడి కట్టేశాడు. నిప్పు లేదు, నీళ్ళు లేవు, మాట లేదు. అత్తగారు మాత్రం వారం తిరక్కుండా ముంత పట్టుకుని దడి దగ్గర నిలబడింది. "ఒలే బంగారీ, నా తరవాణి నాకు పొయ్యే. అది మా అమ్మిచ్చిన పులుపు. నా సొమ్ము నాను తాగితే ఎవుడేటంటాడు?" అంది. ఎవడూ ఏమీ అనలేదు. అప్పట్నుంచి ప్రతి పొద్దునా ముంత రావడం, బంగారమ్మ దడి మీంచి పొయ్యడం, మనవలిద్దరూ వచ్చి నాయనమ్మ వేళ్ళు పట్టుకుని వేలాడ్డం.

పెద్దకోడలు రమణి కుండలో ఉన్నదీ అదే పులుపు. ఇంకా చిక్కగా ఉంటుంది కూడా. ముసలమ్మ ఇటెందుకొస్తోందో ఊరందరికీ తెలుసు. నూకయ్యకీ తెలుసు, తెలీనట్టు ఊరుకున్నాడు. తెలీనిదల్లా ఈ పాఠాల మనిషి ఒక్కడికే.

"అత్త మీద కోపం దుత్త మీద అని కోడళ్ళనంటారు," అంది బంగారమ్మ, మట్టల మోపు దభీమని పడేసి. "మీ అమ్మ మీద నీకేటి కోపమయ్యా?"

"కోపం కాదే. ఆవిడింకా అమ్మోరికి మొక్కుతాది. ఆ పులుపు ఈ ఇంట్లో ఉండకూడదు. కొత్తది పెట్టు, మూణ్ణాళ్ళ పని."

"కొత్తది నాదవుద్ది! నాది ఆవిడ ముట్టదు. ముడితే మీ అన్న గుమ్మం ఎక్కనివ్వడు. రేపు పొద్దున్న ముంతట్టుకుని నిలబడితే ఏటి పొయ్యమంటావు? నీ పాఠం పొయ్యాలా?"

కూర్మనాథం కండువా దులిపి భుజాన వేసుకుని అరుగు దిగిపోయాడు. మొండితనం మాత్రం పోలేదు.

తెల్లారింది. ముంత రానే వచ్చింది.

"ఒలే బంగారీ, బేగి పొయ్యే. ఎండెక్కిపోతన్నాది."

బంగారమ్మ అబద్ధమాడదామా అనుకుంది, నోరు రాలేదు. "నేదత్తా. పారబోసీసినారు."

"ఏటి, పురుగు పడ్డాదా?"

"నేదు."

"కుక్క మూతెట్టీసిందా?"

"నేదత్తా. మీ కొడుకు పారబోసినాడు. పాత పులుపంట, ఇంట్లో ఉండకూడదంట."

లోపల కూర్మనాథం సాక్ష్యానికి ముందు పాడాల్సిన కీర్తన పాడుకుంటున్నాడు. గొంతు తగ్గించాడు గానీ గుమ్మం దాటి రాలేదు. ముసలమ్మ ఆ గొంతు కాసేపు వింది. ఖాళీ ముంతని చీర చెంగుతో తుడిచింది, తడి లేకపోయినా. "పాతదే కదమ్మా మరి," అని వెనక్కి తిరిగింది. పిల్లలు "నాయనమ్మా" అని పిలుస్తున్నా ఆగలేదు.

అప్పుడు వచ్చింది బంగారమ్మకి అసలు కోపం. నిన్నటిది కోపమే కాదు.

ప్రార్థన పాకలో పాతికమంది ఉన్నారు. బోధకుడు నారాయణరావు తెల్లవారుజామున బండి కట్టించుకుని టెక్కలి నుంచి వచ్చాడు. నెమ్మదైన మనిషి. కూర్మనాథం లేచి, గొంతు సవరించుకుని, ఇంట్లో పాత పులుపు ఎలా పారబోశాడో, కుండ ఎలా తోమాడో, మనసెంత తేలికైందో చెప్పుకొచ్చాడు. కుండ తోమిన సంగతి రెండుసార్లు చెప్పాడు.

ఆడవాళ్ళ చాప మీంచి బంగారమ్మ లేచి నిలబడింది. ఆ పాకలో ఆడది అలా లేవడం అదే మొదలు. "బాబూ, నానో మాట అడగాల," అంది.

"అడుగమ్మా."

"వాక్యంలో ఉన్న పులుపు తరవాణేనా?"

బోధకుడు తెల్లబోయాడు. "తరవాణా? నేను తరవాణి తాగే బండెక్కానమ్మా. వాక్యంలో చెప్పింది మనసులో కుళ్ళు గురించి, పగ గురించి. కుండలోదాని గురించి కాదు."

పాకంతా గొల్లుమంది. కూర్మనాథం మొహం కందగడ్డయింది. బంగారమ్మ మాత్రం నవ్వలేదు.

"నవ్వుతారేటి? ఏటుందని నవ్వుతారు? మా అత్త మూడేళ్ళుగా ఆ తరవాణి వంకెట్టి మా గుమ్మం కాడికొత్తన్నాది. ఆ వంక ఈయన పెరట్లో పారబోసీసినాడు. ఇయ్యాల ఉత్త ముంతతో ఎలిపోనాది ముసల్ది. కన్నతల్లి దడవతల నిలబడితే గుమ్మం దాటని మనిషి, ఇక్కడికొచ్చి పులుపు పారబోసినానని సాక్ష్యం సెప్తన్నాడు. పులుపు ఎక్కడున్నాదో మీరే సెప్పండి బాబూ!"

నవ్వులు ఆగిపోయాయి. బోధకుడు తల వంచుకుని, "ఇంటికెళ్ళు నాయనా. ప్రార్థన మేం చేసుకుంటాం," అన్నాడు కూర్మనాథంతో.

ఇంటికొచ్చాక బంగారమ్మ పొయ్యి ముట్టించలేదు. పిల్లలకి అటుకులూ కొబ్బరిముక్కా పెట్టింది. మొగుడికి అదీ లేదు. "ఎల్లి మీ అమ్మని పులుపడుగు. అందాకా ఈ పొయ్యి ఎలగదు," అంది.

"అన్న ఉంటాడు."

"ఉండనీ. నిన్ను మింగేత్తాడా?"

"ఏ మొహం పెట్టుకుని అడగనే?"

"దేవుడు నీకిచ్చినది ఒక్కటే మొహం. అదే పెట్టుకుని అడుగు."

మధ్యాహ్నం గడిచింది. కూర్మనాథం అరుగు మీద అలాగే కూర్చున్నాడు. ఆకలికి కడుపు నకనకలాడుతోంది. పొద్దు తాటిచెట్ల కిందికి దిగుతోంది. దీపాలెట్టాక పులుపు ఎవరూ గడప దాటించరు, అది అతనికీ తెలుసు. ఆఖరికి లేచాడు. బంగారమ్మ బోర్లించిన కుండ తీసి అతని చేతిలో పెట్టి వెనకాలే నడిచింది. నమ్మకమేముంది, మధ్యలో తిరిగొచ్చేసే రకం.

దడి అవతల నూకయ్య కొబ్బరికాయలు వలుస్తున్నాడు.

"అమ్మా," అన్నాడు కూర్మనాథం. మూడేళ్ళ తర్వాత పిలవడం, తనకే వినపడలేదు. మళ్ళీ పిలిచాడు. "అమ్మా!"

నూకయ్య తలెత్తాడు. తమ్ముణ్ణి చూశాడు, చేతిలో ఖాళీ కుండని చూశాడు. "ఏటి కావాల?"

"పులుపు. ఒక్క ముంతడు."

నూకయ్య ఇంకో కాయ అందుకున్నాడు. అంతలో ముసలమ్మ ఇంట్లోంచి వచ్చింది, ముంత అంచుదాకా నింపుకుని, ఒలకకుండా రెండు చేతులా పట్టుకుని. నూకయ్య కాయ మీద కోపమున్నవాడిలా దాన్ని గట్టిగా గునపానికి దిగేసి, మొహం అటు తిప్పుకున్నాడు. ఆపలేదు.

"నీకిత్తన్నాననుకోకు," అంది ముసలమ్మ కొడుకుతో. "ఇది నాది. మీ ఇంట్లో దాపెడతన్నాను, అంతే. రేపు పొద్దున్న ఒచ్చి అడుగుతాను. అడిగినప్పుడు ఉండాల."

కూర్మనాథం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళాం వైపు తిరిగాడు. "బంగారీ... దీన్లో మనకో పా..."

"నోరు ముయ్యి మావా," అంది బంగారమ్మ. "కుండ పట్టు."