కర్రోడి గంట

రాకీని షెడ్డులోకి తోసి గొళ్ళెం పెట్టాకే కామాక్షయ్య కర్రోడి తాడు విప్పాడు. పదిగంటలకు కర్రోణ్ణి మళ్ళీ కట్టేసి రాకీని వదలాలి. అన్నం రెండు చోట్ల, నీళ్ళు రెండు చోట్ల. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని పెద్దలు ఊరికే అనలేదు. సూళ్లూరుపేట దగ్గర ఆరు రొయ్యల గుంటలు కాయమని జీతమిస్తున్నారు గానీ, మూణ్ణెల్లుగా ఆయన కాస్తున్నది ఈ రెండు కుక్కల్నే. విసుగొచ్చి చచ్చిపోతున్నాడు.

కర్రోడు పదేళ్ళ నల్లకుక్క, ఈ గుంట కట్ట మీదే పుట్టాడు. రాకీ మాత్రం గుంటల యజమాని సుకుమార్ గారి అపార్ట్‌మెంటు కుక్క. అక్కడ సోఫా కొరికిందని ఇక్కడికి తోలారు. వచ్చిన రోజే కర్రోడి పళ్ళెంలో మూతి పెట్టి చెవి చింపించుకుంది.

కామాక్షయ్య సన్నటి మనిషి. ఉప్పునీళ్ళకు ఆయన కాలివేళ్ళ సందులు ఎప్పుడూ తెల్లగా నాని ఉంటాయి. పద్దెనిమిదేళ్ళ కొలువులో యజమానికి ఇచ్చిన జవాబు ఒక్కటే: "అట్నే సార్."

చెవికి కుట్లు వేయడానికి వచ్చిన పశువుల ఆసుపత్రి డెబోరా ఆ రోజే అడిగింది. "కరిచే ముందర గుర్రుమన్లేదా?"

"గుర్రుమనడమ్మా. చిన్నప్పుడు రొయ్యలు కొనేవాళ్ళని చూసి గుర్రుమంటుంటే సార్‌కి కోపమొచ్చింది. గుర్రుమన్నప్పుడల్లా కట్టెతో కొట్టి మాన్పించినా," అన్నాడు కాస్త గొప్పగానే.

"ఎంత పని చేసినావయ్యా! దగ్గరికి రావద్దని చెప్పే మాట అదే గదా. మాట పీకేసినావు. ఇంక మిగిలింది పళ్ళే."

ఆ సాయంత్రమే మేకల చిన్నపోలయ్యను అడిగి ఒక కంచుగంట తెచ్చి కర్రోడి మెడకు కట్టాడు. అప్పట్నుంచి ఎప్పుడైనా తాడు జారినా, గొళ్ళెం ఊడినా, గంట వినగానే రాకీ పక్కకు తప్పుకునేది. మళ్ళీ నెత్తురు కళ్ళజూడలేదు.

ఈరోజు తొమ్మిదింటికే సుకుమార్ గారు కారు దిగాడు, చెవి దగ్గర ఫోనుతో. కర్రోడు షెడ్డు వెనక అన్నం తింటున్నాడు. తల కదిలినప్పుడల్లా గంట మోగుతోంది.

"ఏంది కామాక్షయ్యా ఆ మోత? ఫోన్లో ఒక్క ముక్క వినపళ్ళా. తీసెయ్."

సార్, అది తీస్తే వాడు కరుస్తాడు. అంత మాటా గొంతులోకి వచ్చింది. నోట్లోంచి వచ్చింది మాత్రం "అట్నే సార్." గంట విప్పి షెడ్డు గోడ మేకుకు తగిలించాడు.

వెనక్కి తిరిగేసరికి సుకుమార్ గారు గొళ్ళెం తీస్తున్నాడు. "పాపం, దీన్నెందుకు మూసిపెట్టినారు?"

రాకీ అన్నం వాసనకు షెడ్డు వెనక్కి పరిగెత్తింది. గంట లేదు, గుర్రు లేదు. కామాక్షయ్య చేరేలోపు దాని మెడ కర్రోడి నోట్లో ఉంది.

రెండింటినీ విడదీశాక సుకుమార్ గారు ప్యాంటు మీది నెత్తురు తుడుచుకుంటూ అన్నాడు: "సాయంత్రానికి ఆ నల్లది ఇక్కడ ఉండకూడదు."

"అట్నే సార్."

కారు వెళ్ళాక కామాక్షయ్య భార్య వెంకటశేషమ్మ అడిగింది. "గంట తీస్తే ఏమవుతాదో చెప్పినావా?"

ఆయన రొయ్యల మేత బస్తా మూతి విప్పుతూ కూర్చున్నాడు.

"వాణ్ణంటే నువ్వు కొట్టి మాన్పించినావు. నిన్నెవురు కొట్టినారయ్యా?"

సాయంత్రం డెబోరా వచ్చి రాకీ మెడకు కుట్లు వేసింది. నాయుడుపేటలో తమ ఇంట్లో వేరే కుక్క లేదని, తానే తీసుకుపోతానని కర్రోణ్ణి ఆటో ఎక్కించింది. వాడు పేచీ పెట్టలేదు, ఆమె కాళ్ళ దగ్గర ముడుచుకున్నాడు. కట్ట మీద నిలబడ్డ కామాక్షయ్యకు తన మీద తనకే అసహ్యమేసింది.

తెల్లారి ఒకటే పళ్ళెం పెట్టాడు. తాడు లేదు, గొళ్ళెం లేదు. రాకీ మూతి దించింది. అంతలో సముద్రం వైపు నుంచి గాలి కొట్టింది. రాకీ చటుక్కున అన్నం వదిలి దూరంగా జరిగి, తల వంచుకుని నిలబడింది, అక్కడ లేని కర్రోడు తినేసి పోయేదాకా ఆగాలన్నట్టు.

గోడ మేకుకు కంచుగంట గాలికి ఊగుతూ మోగుతూనే ఉంది.