గోడలోంచి దారి

ఇంగ్లిష్ పల్లెసీమ సఫోక్‌లోని ఒక ఊళ్లో, మేడభాగం వీధి మీదికి పొడుచుకొచ్చిన ఇళ్లలో ఆంబ్రోస్ ఇల్లే అన్నిటికన్నా పాతది. ఓక్ నిట్రాళ్లనూ దూలాలనూ కొయ్య మేకులతోనే బిగించి నిలబెట్టారు. వాటి మధ్య ఖాళీల్లో హేజెల్ పుల్లల తడికెలు అల్లి, మట్టి మెత్తి, సున్నం పూశారు.

ఆ మార్చిలో వెనకవైపు అడుగు దూలం పుచ్చిపోయింది. ఆంబ్రోస్ దాన్ని కోసి తీసేసి, ఆ మూలను జాకీల మీద నిలబెట్టి, కొత్త దూలం కోసం కోతమిల్లుకు బయల్దేరాడు.

"మీ అక్కను కిందికి దించుదామంటే వినడం లేదు" అంది అతని భార్య థర్జా.

"పుట్టిన గది కదా, కదలదు. చీకటి పడేలోపు వచ్చేస్తాలే."

ఆంబ్రోస్ అక్క కెజాయా తుంటి విరిగి శీతాకాలమంతా మేడగదిలోనే ఉంది. మధ్యాహ్నం గాలి హోరెత్తుతుంటే థర్జా ఆమెకు సూపు తాగిస్తోంది.

"ఉప్పు మర్చిపోయావు పిల్లా. మావాడు ఏం తిని బతుకుతున్నాడో."

కింద తుపాకీ పేలినట్టు చప్పుడైంది. నేల వెనక్కి వాలింది. మంచం తలుపు వైపు జారి, గోడకు కొట్టుకుని ఆగింది. గిన్నె దొర్లుకుంటూ పోయింది. తల మీద పెద్ద దూలం సన్నగా, ఆగకుండా మూలగడం మొదలుపెట్టింది.

థర్జా మంచం మీదుగా వంగి తలుపు లాగింది. చట్రం పక్కకు ఒరిగి తలుపును బిగించేసింది. ఎంత గుంజినా కదల్లేదు. మెట్లు దాని అవతల ఉన్నాయి. కిటికీకి ఓక్ కమ్ములు.

"జాకీ జారిపోయింది వదినా."

"తెలుస్తూనే ఉంది. నువ్వు వెళ్లిపో."

"ఎలా వెళ్లను? తలుపు రావడం లేదు."

"వీధి వైపు గోడ పగలగొట్టు" అంది కెజాయా. "నిట్రాళ్ల జోలికి పోకు. మధ్యలో ఉన్నది మట్టే. చిన్నప్పుడు మా తమ్ముళ్లు చెంచాతో తొలిచి నాన్న చేత తన్నులు తిన్నారు."

థర్జా గదిలోని చలిమంట పొయ్యి దగ్గరి ఇనుప కడ్డీ తీసుకుంది. మొదటి దెబ్బకు సున్నం రాలింది. తర్వాత ఎండుగడ్డి, ఆవు వెంట్రుకలు కలిసిన మట్టి పెళ్లలు పెళ్లలుగా ఊడింది. కొట్టిన ప్రతిసారీ దూలం మూలుగుతుంటే, తానే ఇంటిని కూలుస్తున్నానేమోనని ఆమెకు ఏడుపొచ్చింది. తడికె మాత్రం లొంగలేదు. కాళ్లతో తన్ని తన్ని పుల్లలు విరిచింది. వెలుతురు, చలిగాలి ఒక్కసారిగా లోపలికొచ్చాయి.

వీధిలో ఎదురింటి రూబెన్ తల పైకెత్తి చూస్తున్నాడు.

"ఉండమ్మా, పైకి వస్తున్నా."

"లోపలికి రావద్దు బాబాయ్. గడ్డిబండి తోలుకురా, సరిగ్గా మా కిందికి."

అతను బండి తెచ్చేదాకా థర్జా వదినను దుప్పటిలో చుట్టి, వాలిన నేల మీద ఎగువకు ఈడ్చింది. తుంటి నొప్పికి కెజాయా పెదవి కొరుక్కుంది. అరవలేదు. రెండు నిట్రాళ్ల సందులోంచి కాళ్ల వైపు ముందుగా జారిస్తే, గడ్డి మీద నిలబడిన రూబెన్ అందుకున్నాడు.

"ఎంత బరువున్నావమ్మా కెజాయా."

"నీ గుర్రం కన్నా తక్కువేలే. జాగ్రత్తగా పట్టుకో."

థర్జా దూకింది. బండి కొంచెం దూరం వెళ్లాక ఇంటి వెనక మూల పెంకులతో సహా కూలింది. ధూళి వీధంతా కమ్మేసింది. ముందుభాగం ఒరిగి, అలాగే నిలబడిపోయింది.

ఆంబ్రోస్ వచ్చేసరికి ఇద్దరూ రూబెన్ వంటింట్లో ఉన్నారు. అతను అక్క ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నీ పెళ్లాం గోడలు బాగా పగలగొడుతుందిరా" అంది కెజాయా.

రూబెన్ భార్య టీ ఇచ్చింది. కప్పు అందుకోవడానికి థర్జా కుడిచెయ్యి కదపబోయింది. వీలు కాలేదు. బండిలో ఉండగా పట్టుకున్న ఆ చేతిని కెజాయా ఇంకా వదల్లేదు. థర్జా ఎడమచేత్తో కప్పు అందుకుంది.