ముప్పై కిలోల కొలత

కలిదిండి దగ్గర రొయ్యల షెడ్డులో పదకొండేళ్లుగా రొయ్యలు ఒలుస్తున్నాను. ఒక ఉదయం అక్కడ కెజియాను పని బల్ల దగ్గర నుంచి లేపేశారు. నా కళ్ళముందే జరిగింది, నా పేరు చెప్పి మరీ జరిగింది. అందుకని నేనే చెప్పాలి. కూలికి పోయే పిల్లలూ, కాలేజీకి పోయే పిల్లలూ, మీరందరూ వినాలి.

కెజియాకు ఆరో నెల. ఐసు నీళ్ళలో నానీ నానీ వేళ్ళు తెల్లగా ఉబ్బిపోయాయి. రొయ్య ముల్లు దిగినచోట చీము పట్టింది. ముందురోజు పన్నెండు కిలోలే ఒలిచిందని కాంట్రాక్టరు జోగారావు ఆమె ట్రే పక్కకు లాగేశాడు.

"ప్రభుత్వం పెంచిన రోజు కూలి కావాలన్నారు. నేను కాదన్నానా? రోజుకి ముప్పై కిలోలు ఒలవండి, ఇస్తాను. ఒలవలేనివాళ్ళకి పాత కిలో రేటే. ఇరవై కూడా రానివాళ్ళు ఇంటికాడ ఉండండి. అరవై రెండేళ్ళ సూరమ్మగారు ఒలుస్తున్నారు ముప్పై. నీకేం వచ్చిందమ్మాయ్?"

కెజియా ఏడవలేదు. నా వంక తిరిగింది.

"మామ్మా, నీ చేతులు కాస్త మెల్లగా ఆడితే మేం కూడా బతుకుతాం" అని కొంగుతో చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది.

సూరమ్మను నేనే. షెడ్డులో నా అంత జోరుగా ఒలిచేవాళ్ళు లేరని పేరు. ప్రతి క్రిస్మస్‌కీ జోగారావు నాకొక్కదానికే చీర పెట్టేవాడు. ఆ గొప్పతో నేను ఒక మాట పదకొండేళ్ళు మింగాను. అదేమిటో చెబుతాను. పెద్ద రొయ్యలు ముప్పై ఒలిస్తే కిలో తూగుతుంది. చిన్నవైతే వంద ఒలవాలి. ఒక్కో రొయ్యకు తల తీయడం, పొట్టు తీయడం, నరం లాగడం ఒకటే పని. నా ముందుకు ఎప్పుడూ పెద్ద రొయ్యల ట్రేనే వచ్చేది. కెజియాకు చిన్నవి. ఎందుకో నాకు తెలుసు. ముప్పై కిలోలు ఒలిచే మనిషి ఒకరుంటే, మిగతా అరవై మందినీ బద్ధకస్తులని అనొచ్చు.

ఆ మధ్యాహ్నం అన్నాలు తింటూ ఈ మాట అందరి ముందూ చెప్పేశాను.

"కొత్తచీర కట్టుకుని చర్చిలో ముందు వరసలో కూర్చున్నప్పుడే అనుకున్నా, ఆ చీర ఊరికే రాలేదని" అంది వరమ్మ. నాతోపాటే పనిలో చేరిన మనిషి. ఆ మాట పడాల్సిందే, పడ్డాను.

పది దాకా చదివిన వీరదుర్గ అన్నం పక్కన పెట్టింది. "సూరమ్మ పిన్నిగారు చెప్పిందే కాగితం మీద పెడదాం. ఏలూరు వెళ్ళి లేబర్ ఆఫీసులో ఇద్దాం. కిలోలు వద్దు, రోజు కూలే కావాలని."

"రోజు కూలి ఇమ్మంటే సగంమందిని తీసేస్తాడే. ఉన్నదీ పోద్ది" అంది వరమ్మ.

"కిలో లెక్క ఉండగానే కెజియాని తీసేశాడుగా అత్తా. రేపు నీ కళ్ళు మసకేస్తే నిన్ను ఉంచుతాడా?"

కాగితం మీద మొదటి వేలిముద్ర వరమ్మదే.

కాగితం ఏలూరులో ఇచ్చొచ్చిన పదిరోజులకు లేబర్ ఆఫీసరు వచ్చాడు. గేటు బయట కెజియా కూడా వచ్చి నిలబడింది. జోగారావు కుర్చీ వేసి, కొబ్బరిబోండం కొట్టించి, "మీరే చూడండి సార్. గంటకి నాలుగు కిలోలు. ఆవిడకి వచ్చింది వీళ్ళకెందుకు రాదు?" అంటూ నా ముందు ట్రే పెట్టించాడు. పెద్ద రొయ్యలు. ఆఫీసరు వాచీ చూసుకున్నాడు.

ఒలిస్తే ముప్పై కిలోల లెక్కే నిలబడిపోతుంది. ఒలవకపోతే రేపు నాకు బల్ల ఉండదు.

"ఏవండీ, ఈ ట్రే నాది కాదండి. కెజియా ట్రే ఇప్పించండి" అన్నాను.

"ముసలావిడకి మతిమరుపు సార్" అన్నాడు జోగారావు.

"ఆవిడ అడిగింది తెప్పించండి" అన్నాడు ఆఫీసరు.

వీరదుర్గ చిన్న రొయ్యల ట్రే తెచ్చి పెట్టింది. నేను మెల్లగా ఒలవలేదు. దేవుడి తోడు, నా బతుకంతటిలో అంత జోరుగా ఎప్పుడూ ఒలవలేదు. గంట అయ్యాక తూస్తే రెండు కిలోలు కూడా లేదు. ఆఫీసరు రాసుకుని, రిపోర్టు పంపుతానని జీపెక్కాడు.

జీపు మలుపు తిరగ్గానే జోగారావు గొంతు మారింది. "రిపోర్టు వచ్చేదాకా ముప్పై కిలోలే. ఇష్టం లేనివాళ్ళు పొండి."

అప్పుడు వరమ్మ లేచి తన ట్రే ఎత్తి పెద్దబల్ల మధ్యలో కుమ్మరించింది. దాని మీద నేను నాది కుమ్మరించాను. అరవై ట్రేలు, చిన్నవీ పెద్దవీ, ఒకే కుప్ప అయ్యాయి. ఎవరిది ఏదో ఇక ఎవరూ చెప్పలేరు.

"ఇక తూస్తే ఇది తూయండి. అందరికీ ఒకటే రోజు కూలి. కెజియాకి కూడా. అప్పటిదాకా ఒలవం" అంది వీరదుర్గ.

అందరం గేటు బయటికి వచ్చి కెజియా పక్కన కూర్చున్నాం. లోపల ఐసు కరుగుతోంది. మరో రెండు గంటలు పోతే రొయ్య తల నల్లబడుతుంది, సరుకు పోతుంది. జోగారావు నా దగ్గరికొచ్చి వంగాడు.

"సూరమ్మగారూ, మీ ఒక్కరికీ రోజు కూలి ఇస్తాను. రండి లోపలికి."

"ఒక్కదానికి ఇచ్చిన చీరలే ఎక్కువయ్యాయి బాబూ" అన్నాను.

అతను ఫోన్ తీశాడు. గంటన్నరలో ఉంగుటూరు వైపు నుంచి వ్యాను వచ్చింది, అక్కడి షెడ్డులో ఒలిచే ఇరవై మంది ఆడవాళ్ళతో. మమ్మల్ని తోసుకుని లోపలికి పోవాలి వాళ్ళు. వ్యాను తలుపు తీసింది ఒక నడివయసు మనిషి. వేళ్ళు చూశాను, మావి లాగే తెల్లగా ఉబ్బి ఉన్నాయి.

"ఎందుకు కూర్చున్నారండీ?" అని అడిగింది.

కెజియా చెప్పింది. ముప్పై కిలోలు, పెద్ద ట్రే, చిన్న ట్రే. ఆ మనిషి అంతా విని వ్యానులోకి తిరిగింది.

"మన షెడ్డులో పెద్ద ట్రే ఎవరికి ఇస్తారే?"

"కనకరత్నం గారికి" అన్నారు నలుగురైదుగురు ఒకేసారి.

ఆమె దిగి నా పక్కన చెప్పులు విడిచి కూర్చుంది. "రేపు ఆవిణ్ణి కూడా తీసుకొస్తామండి" అంది. వెనకాలే ఒక్కొక్కరూ వ్యాను దిగుతున్నారు.